చేతికందని నాడి

“దగ్గర్లో ఉన్నది అదే. అక్కడికే తీసుకెళ్ళాలి,” అంది అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“పెద్దరోడ్డు దాటితే ఇంకో ఆసుపత్రి లేదా? దానికేం రోగం?” అంది పిచ్చుక.

“రోగం దానిక్కాదే తల్లీ, వాడికి! వాడి పెదాలు చూశావా? నీలం తిరుగుతున్నాయి!”

పిచ్చుక చూడకపోలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. మంచం మీద పెయింటర్ రెండు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టు వేసిన ఎడమ కాలు ముందుకు చాచి ఉంది. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. ఎంత లాగినా ఊపిరి సగంలోనే తెగిపోతోంది.

దుకాణాలకు బోర్డులు రాయడం అతని పని. పోయిన నెల ఒక మందుల షాపు బోర్డు రాస్తుండగా నిచ్చెన జారి కింద పడ్డాడు. ఎముక విరిగింది. అప్పటినుంచీ మంచం మీదే. సన్నగా ఉండి, నోరు మూయకుండా మాట్లాడుతుందని పెళ్ళాన్ని పిచ్చుక అని మొదట పిలిచింది అతనే. ఇప్పుడు వీధంతా అదే పేరు.

“అత్తయ్యా, నేను చెప్పాను కదా. అక్కడికి మాత్రం వద్దు.”

“ఎందుకొద్దు? అమ్మలు అక్కడుందనేగా? అదే కదా నీ ఏడుపు?”

అమ్మలు అంటే అత్తగారి తమ్ముడి కూతురు, పెయింటర్‌కు మరదలు. ఆ ఆసుపత్రిలో అత్యవసర విభాగం డాక్టరు. పిచ్చుక ఆ ఇంటికి కోడలిగా రాకముందు ఆ పిల్ల ఈ ఇంటి కోడలవుతుందని అందరూ అనుకున్నారట. ఆ ముక్క ఎవరూ దాచలేదు. అత్తగారైతే వారానికొకసారైనా గుర్తుచేసేది.

“పిచ్చుకా...” అన్నాడు పెయింటర్. చేయి పైకెత్తబోయాడు. అది సగంలోనే దుప్పటి మీద పడిపోయింది. “ఏదో ఒకటి... ఊపిరి అందట్లేదు.”

అంతే. ఆ పోట్లాట అక్కడితో తెగిపోయింది. దగ్గర్లో ఉన్నదానికే ఫోన్ చేసింది పిచ్చుక. భయమూ ఉంది, ఓడిపోయానన్న కసీ ఉంది. ఏది ఎంతో ఆమెకే తెలియలేదు.

* * *

స్ట్రెచర్ లోపలికి వెళ్ళేసరికి అమ్మలు ఎదురొచ్చింది.

జుట్టు ముడేసుకుంది. మెడలో స్టెతస్కోపు. ఒంటి మీద తెల్లకోటు. ఆ కోటును పిచ్చుక గుర్తుపట్టింది. ఎలా గుర్తుపట్టదు? పిచ్చుకది ఇస్త్రీ కొట్టు. “మన పిల్లదే కదా, నలగకుండా చేసిపెట్టు” అని అత్తగారు తెచ్చిపడేసిన కోటు అది. కాలర్ మడతలు కత్తిలా నిలబెట్టింది పిచ్చుకే, పళ్ళు కొరుకుతూ.

“బావా! బావా, నన్ను చూడు. ఎప్పట్నుంచి ఇలా ఉంది?”

అతను కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. ఏదో చెప్పబోయాడు. పిచ్చుక ఆ చూపును గమనించింది. ఇంట్లో పొద్దుట్నుంచీ తన వంక అలా చూడలేదనిపించింది. భర్త ప్రాణం మీదికి వచ్చిన వేళ ఇదేం లెక్క అని తనను తానే తిట్టుకుంది. అయినా ఆ లెక్క ఆగలేదు.

ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. ఛాతీకి తీగలు అంటించారు. పక్కనున్న తెర మీద ఆకుపచ్చ గీత పరుగెత్తడం మొదలైంది.

అంతలో అతని తల పక్కకు వాలిపోయింది.

“బావా?” డాక్టరు భుజం కుదిపింది. రెండు వేళ్ళు మెడ పక్కన నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ వేళ్ళు అక్కడ వెతుకుతున్నాయని గుమ్మం దగ్గరున్న పిచ్చుకకు కూడా అర్థమైంది.

“నాడి లేదు. నొక్కడం మొదలుపెట్టండి!”

ఎత్తుగా ఉన్న మగనర్సు ఒకడు స్టూలెక్కి రెండు చేతులూ కలిపి ఛాతీ మధ్యలో బలంగా నొక్కసాగాడు. ఇంకో నర్సు ముక్కు మీద సంచిలాంటిది పెట్టి గాలి పంపుతోంది. మంచం మొత్తం ఊగుతోంది.

“అదేంటే అమ్మలూ! గీతలు వస్తూనే ఉన్నాయి కదా! గుండె కొట్టుకుంటోంది కదా!” అత్తగారు తెర వైపు వేలు చూపిస్తూ అరిచింది.

పిచ్చుకకూ అదే అనుమానం. తెర మీద గీత ఎగురుతూనే ఉంది. పడుకున్న మనిషిలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

“అది కరెంటు మాత్రమేనమ్మా,” అంది మందులు సిద్ధం చేస్తున్న పెద్ద నర్సు, చేతి పని ఆపకుండానే. “గుండెలో కరెంటు నడుస్తోంది. గుండె మాత్రం రక్తాన్ని తోయట్లేదు. తెరని నమ్మితే మోసపోతాం. వేలికి నాడి తగలాలి.”

“మరైతే షాక్ ఇవ్వండి! సినిమాల్లో ఇస్తారుగా!”

“కరెంటు గాడి తప్పితే షాక్ ఇస్తాం అత్తా,” అంది డాక్టరు తల తిప్పకుండా. “ఇక్కడ కరెంటు బాగానే ఉంది. ఇంకేదో గుండెను పనిచెయ్యనివ్వట్లేదు. అదేంటో పట్టుకుని తీసెయ్యాలి. అప్పటిదాకా ఈ చేతులే గుండె. అడ్రినలిన్ ఇచ్చారా?”

“ఇచ్చాం డాక్టర్.”

“రక్తం పోయిందా? ఎక్కడా గాయం లేదు. ఊపిరితిత్తి పక్కన గాలి చేరిందా? రెండు వైపులా చప్పుడు ఒక్కలాగే ఉంది. ఒంట్లో ఉప్పులు తేడా కొట్టాయా? రక్తం తీసి పంపండి. గుండె చుట్టూ నీరుందేమో చూద్దాం, స్కాన్ ఇటు తోయండి.”

పైకి గట్టిగా ఆలోచిస్తోంది. ఒక్కో కారణాన్ని పట్టుకుని, చూసి, పక్కన పెడుతోంది. నర్సు అలిసిపోయాడని గమనించి, “నేను చేస్తాను, దిగు” అని తనే స్టూలెక్కింది.

అప్పుడు చూసింది పిచ్చుక.

తాను ఇస్త్రీ చేసిన కోటు వేసుకున్న మనిషి తన భర్త మీదికి వంగి, ఒంట్లో బరువంతా చేతుల్లోకి తెచ్చి, ఆ ఛాతీని నొక్కుతోంది. ముడి ఊడి జుట్టు అతని ముఖం మీద పడుతోంది. పెదవులు ఏదో లెక్కపెడుతున్నాయి. లోపల ఎముక టక్కుమంది. “అయ్యో” అని అత్తగారు ముఖం తిప్పేసుకుంది.

పిచ్చుక తిప్పుకోలేదు. తాను తల ఆనించి పడుకునే చోటు అది. ఆ చోట ఇంకొకామె చేతులున్నాయి. ఆ చేతులు తీసేస్తే అతను ఉండడు. తీయకుండా ఉంటే ఆమె భరించలేదు. ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది.

నర్సు స్కాన్ గొట్టాన్ని ఛాతీ మీద పెట్టగానే డాక్టరు ఒక్క క్షణం చేతులు ఆపి తెరలోకి చూసి, దిగింది. వెంటనే మగనర్సు మళ్ళీ నొక్కడం అందుకున్నాడు.

“చుట్టూ నీరు లేదు. గుండె కుడివైపు మాత్రం ఉబ్బిపోయింది.” గబగబా దుప్పటి తొలగించి, కట్టుకు పైనున్న తొడను పట్టి చూసింది. రెండో కాలితో పోల్చింది. ఆ తొడ బిగిసి, నునుపుగా మెరుస్తోంది. “కాల్లో రక్తం గడ్డకట్టి పైకి వెళ్ళి ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారికి అడ్డం పడినట్టుంది. కానీ...”

ఆగి, అత్తగారి వంక చూసింది.

“అత్తా, రక్తం గడ్డకట్టకుండా నేను రాసిన మాత్రలు రోజూ వేసుకుంటున్నాడా?”

“ఎందుకు వేసుకోడే? పొద్దున్నే నేనే చేతిలో పెడుతున్నాగా!”

డాక్టరు ముఖంలో ఏదో తడబాటు. “రోజూ వేసుకుంటుంటే గడ్డ కట్టడం అరుదు. గడ్డ కరిగించే మందు ఇవ్వొచ్చు. కానీ ఆ మాత్రలు ఒంట్లో ఉండగా ఇస్తే రక్తం ఎక్కడ కారుతుందో చెప్పలేం. ఇవ్వకపోతే...”

మంచం చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

పిచ్చుక గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకేసింది.

ఆ మాత్రల సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. మొదట్లో అత్తగారు మాత్ర చేతిలో పెట్టిన ప్రతిసారీ పిచ్చుక మూతి ముడుచుకునేది. “వేసుకోండి, వేసుకోండి. మరదలుగారు రాసిచ్చినవి. మింగడానికి నీళ్ళు కూడా ఆవిడే పంపాల్సింది” అనేది. అతను నవ్వేసేవాడు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు. ఒకరోజు అత్తగారు అటు తిరగ్గానే మాత్రను కిటికీలోంచి బయట పారేసి, “ఇక దీని సంగతి ఎత్తకు. సరేనా?” అన్నాడు.

ఆ రోజు పిచ్చుక ఎంత సంబరపడిందో! కొట్లో చొక్కాలన్నీ కూనిరాగం తీస్తూ ఇస్త్రీ చేసింది. ఆ తర్వాత రోజూ అదే తంతు. తల్లి చేతిలో మాత్ర పెట్టడం, అతను నోట్లో వేసుకున్నట్టు నటించడం, కిటికీ, ఆపైన మొగుడూ పెళ్ళాలు ఒకర్నొకరు చూసుకుని నవ్వుకోవడం. తన కోసం అతను వదులుకున్న మొదటి వస్తువు అదేనని మురిసిపోయింది. అది ప్రాణానికి కాపలా కాసే వస్తువని ఒక్కసారీ ఆలోచించలేదు.

“వేసుకోవట్లేదు,” అంది.

“ఏంటీ?” అత్తగారు గిర్రున తిరిగింది.

“మానేశాడు. కిటికీలోంచి పారేస్తున్నాడు. నాకు తెలుసు.”

డాక్టరు ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. “ఎప్పట్నుంచి?”

“చాలా రోజులైంది. కట్టు వేసిన కొత్తల్లోనే.”

“పడ్డప్పుడు తలకి దెబ్బ తగిలిందా?”

“లేదు.”

“బాగా గుర్తుచేసుకో అక్కా. ఇది తప్పైతే తలలో రక్తం కారుతుంది.”

“తగల్లేదు. నిలువునా పడ్డాడు. కాలు ఒక్కటే.”

“మందు తీయండి,” అంది డాక్టరు వెనక్కి తిరిగి. “ఎక్కించాక కూడా ఎవరూ చేతులు ఆపొద్దు. గడ్డ కరగడానికి టైం పడుతుంది. ఎంతసేపైనా సరే నొక్కుతూనే ఉండాలి.”

* * *

ఎంతసేపు నొక్కారో పిచ్చుకకు తెలియదు. ఒకరు దిగడం, ఇంకొకరు ఎక్కడం. నడుమ నడుమ ఆపి మెడ మీద వేళ్ళు పెట్టడం, తల అడ్డంగా ఊపడం, మళ్ళీ మొదలు. అత్తగారు గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. కోడలి వంక చూడలేదు. ఆ మౌనం ముందు వెయ్యి తిట్లు నయం.

“ఆపండి,” అంది డాక్టరు మరొకసారి.

వేళ్ళు మెడ మీద పెట్టింది. గది మొత్తం ఆ రెండు వేళ్ళ వంకే చూస్తోంది.

“ఉంది,” అంది. మళ్ళీ అంది, “నాడి ఉంది. తగులుతోంది.”

ఆమె నవ్వింది. కళ్ళలో నీళ్ళతో, చిందరవందర జుట్టుతో, అలసిపోయి, పసిపిల్లలా నవ్వింది.

పిచ్చుక నేల మీద కూలబడింది. బతికాడు. బతికాడు. ఆ మాట వెనకాలే ఇంకో మాట వచ్చి నిలబడింది. తిరిగొచ్చిన ఆ నాడి ముందు తగిలింది తన వేలికి కాదు.

* * *

మధ్యాహ్నానికి అతన్ని పై అంతస్తులో ఐసీయూకు మార్చారు. నోట్లో గొట్టం, మత్తు. బయట వరండాలో ఇనుప కుర్చీల వరస. అత్తగారు ఆ చివర, పిచ్చుక ఈ చివర.

డాక్టరు మెట్లెక్కి రావడం చూసి అత్తగారు లేచింది. అప్పటిదాకా బిగబట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

“చూశావటే అమ్మలూ? కట్టుకున్నదే పక్కనుండి మాత్రలు పారేయిస్తే ఇంక శత్రువులెందుకు? నీమీద ఉన్న కుళ్ళు నా కొడుకు ప్రాణం మీద తీర్చుకుంది. అడుగు, ఎందుకు మానిపించిందో అడుగు దాన్ని!”

పిచ్చుక తలెత్తలేదు. అన్నదాంట్లో అబద్ధం లేదు.

“తనేం మానిపించలేదు అత్తా,” అంది డాక్టరు. “నేనే మానేయమన్నాను.”

పిచ్చుక తల చటుక్కున లేచింది.

“నువ్వా?”

“కడుపులో మంటగా ఉందన్నాడు. కొన్నాళ్ళు ఆపు, నేను చూస్తానన్నాను. మళ్ళీ మొదలుపెట్టాడేమోనని ఇందాక నిన్ను అడిగాను. తప్పు నాది.”

“మరి నాకు చెప్పకుండా కిటికీలోంచి పారేయడమేంటి?”

“నువ్వు కంగారుపడతావని. నీ సంగతి బావకి తెలీదా?”

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మిందో, నమ్మాలనుకుందో. మేనకోడలి మీద కోప్పడటం ఆమెకు చేతకాని పని. “ఏమో తల్లీ, నాకేం అర్థం కావట్లేదు,” అంటూ ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

వరండాలో ఇద్దరే మిగిలారు.

“ఎందుకు చెప్పావ్ ఆ అబద్ధం?” అంది పిచ్చుక.

“కూర్చో అక్కా.”

“నేను కూర్చోనులే. నీ దయాదాక్షిణ్యాల మీద బతకాలా ఇంక? తప్పు చేశాను. తిట్లు తింటాను. అది కూడా నాకు మిగల్చవా? ఆయన్ని బతికించావు, సరే. ఇప్పుడు మా అత్తయ్య ముందు నన్ను కూడా నువ్వే బతికించాలా?”

“నీకోసం చెప్పలేదు.” డాక్టరు కుర్చీలో వెనక్కి వాలింది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. “మొన్న బావ ఫోన్ చేశాడు. నేను ఖాళీగానే ఉన్నాను. చూశాను, తీయలేదు.”

“ఎందుకు?”

“ఎందుకంటే... ఎప్పుడూ ఒంట్లో బాగోకపోతేనే చేస్తాడు. అత్తకి బీపీ అనో, తన కాలనో. ఎలా ఉన్నావే అని ఊరికే ఒక్కసారి చేయడు. మాట్లాడినంతసేపూ నీ కబుర్లే. పిచ్చుక ఇలా అంది, పిచ్చుక అలా అంది. ఆ రోజు నాకెందుకో ఒళ్ళు మండింది. తీయకపోతే మెసేజ్ పెట్టాడు, తొడ బిగిసినట్టుంది, ఫర్వాలేదా అని. రేపు చూద్దాంలే అనుకున్నాను. వెంటనే రమ్మనాల్సింది. డాక్టర్ని కదా, నాకు తెలీదా?”

ఆమె కందిన అరచేతుల్లో ముఖం దాచుకుంది.

ఇంకెవరైనా అయితే ఆ క్షణంలో ఆమె భుజం మీద చేయి వేసేవారేమో. పిచ్చుక చెవిలో పడింది మాత్రం ఒక్క ముక్కే.

“నొప్పని నీకు చెప్పాడా?”

డాక్టరు తలెత్తి చూసింది.

“పక్కన పడుకునేదాన్ని నేను. దుప్పటి కప్పింది నేను. నొప్పుందా అని అడిగితే లేదన్నాడు. నీకు చెప్పాడా?”

“నీకు చెబితే ఏమనేదానివి అక్కా?”

ఏమనేదో పిచ్చుకకు తెలుసు. ‘వెళ్ళి మీ మరదలికి చెప్పుకోండి’ అనేది. ఆ మాట అనిపించుకోలేకే అతను నోరు మూసుకున్నాడు. ఆ మాట అనకముందే విని, అదే చేశాడు.

మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుంది. చక్రాల బండి ఒకటి చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది. అత్తగారు తిరిగొచ్చి, వాళ్ళిద్దరి మధ్య కుర్చీ ఖాళీగా ఉన్నా, దూరంగానే కూర్చుంది.

పొద్దు వాలే వేళకు ఐసీయూ తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టింది.

“కళ్ళు తెరిచాడు. పిలిస్తే వేళ్ళు కదుపుతున్నాడు. ఒక్కరే రండి.”

ముగ్గురూ లేచారు. అత్తగారు అడుగు వేయబోయి మేనకోడలి వంక చూసింది. డాక్టరు మళ్ళీ కూర్చుంది.

“అక్క వెళ్తుంది అత్తా,” అంది.

మళ్ళీ తనే ఇచ్చింది. తీసుకోక తప్పని చోట ఇచ్చింది. పిచ్చుక లోపలికి నడిచింది.

అతను తెల్లగా పాలిపోయి ఉన్నాడు. నోట్లో గొట్టం, దాని చుట్టూ పట్టీలు. ఆమె మంచం పక్కకు చేరి మణికట్టు పట్టుకుంది. డాక్టరు మెడ మీద వెతికినట్టే రెండు వేళ్ళతో అక్కడ వెతికింది. ముందు ఏమీ తగల్లేదు. వేలు కాస్త జరిపితే అడుగున ఎక్కడో సన్నగా, పట్టుదలగా కొట్టుకుంటోంది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

“నేనే,” అంది. “పిచ్చుకని.”

అతని కళ్ళు నెమ్మదిగా ఆమె మీదికి వచ్చాయి. కాసేపు ఆగాయి. ఆమెను గుర్తుపట్టాయి. తర్వాత ఆమె భుజం మీదుగా జరిగి, వెనకున్న తలుపు అద్దంలో ఎవరి కోసమో వెతికాయి.

ఎవరి కోసమని అడగడానికి లేదు. చెప్పడానికి అతనికి నోరు లేదు.

పిచ్చుక అతని మణికట్టు వదలకుండానే ఒక్క అడుగు పక్కకు జరిగి, ఆ చూపుకు అడ్డంగా నిలబడింది.